దిగులుకు నాయన చెప్పిన ఇంగ్లీషు మాటలు

మొన్న చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో వస్తా ఉన్నాను. పక్క సీట్లో ఒక కాలేజీ పిల్ల ఫోను చూసుకుంటా కూర్చోనుండాది. చెవుల్లో పెట్టుకునేది ఇంట్లో మర్చిపోయినట్టుంది, ఫోన్లో మాటలు నలుగురికీ వినపడతా ఉన్నాయి. ఎవరో కుర్రవాడు హుషారుగా ఇంగ్లీషు నేర్పిస్తా ఉన్నాడు. “దిగులుగా ఉంటే ఎప్పుడూ సాడ్ అనే అంటారా? డౌన్ ఇన్ ది డంప్స్ అనండి. స్టైల్‌గా ఉంటుంది!” అనినాడు. ఆ వెంటనే జనం చప్పట్లు కొట్టినట్టు ఒక శబ్దం.

“పాపా, రొంతసేపు ఆపుతావా?” అని అడిగినాను. శబ్దం ఎక్కువై అడిగినాననుకునిందేమో, “సారీ ఆంటీ” అని గమ్మున ఆపేసింది. శబ్దం గురించి కాదని ఆ పిల్లకు చెప్పల్లనుకున్నాను. ఎట్ట మొదలుపెట్టల్లో తెలీక కిటికీ కల్లా తిరిగి కూర్చున్నాను.

ఆ మాట నేను మొదట విన్నది మా నాయన నోట, చంద్రగిరిలో, మా ఇంటి వెనక బోదగడ్డి కప్పిన కొట్టంలో. ఆ కొట్టమే మా నాయన టుటోరియల్ కాలేజీ. ఇప్పటి పిల్లలకు టుటోరియల్ అంటే తెలీదు. పదో తరగతి తప్పినోళ్ళు, ఇంటరు తప్పినోళ్ళు మళ్ళీ పరీక్ష రాసేదానికి ఏడాది పొడుగునా చదువుకునే తావు అది. పేడతో అలికిన నేల, పాత బెంచీలు, గోడలకు బదులు తాటాకు తడికెలు, ముందర ఒక నల్లబల్ల. మొదటి వానకు పైకప్పు బోద తడిసిందంటే ఒక వాసన వచ్చేది. గడ్డీ, పొగా, మట్టీ కలిసిన వాసన. పిలకాయలు పాఠం వదిలిపెట్టి ముక్కులు ఎగబీల్చేవాళ్ళు.

మా తాతోళ్ళది పలమనేరు పక్క పల్లె. చెరుకూ చెనిక్కాయలూ పండించే సేద్యగాళ్ళు. ఆ ఇంట్లో తిరుపతికి పోయి బీఏ చదివింది నాయన ఒక్కడే. ఇంగ్లీషంటే ఆయనకు పిచ్చి. కయ్యలూ చేన్లూ అన్నీ అన్నలకు వదిలేసి, చంద్రగిరిలో ఇల్లు తీసుకుని, వెనక దొడ్లో కొట్టం వేసినాడు. తాత పోయినాక అవ్వ కూడా చిన్నకొడుకు తావనే ఉంటానని మా ఇంటికి వచ్చేసింది.

కొట్టానికీ మా వంటింటికీ నడమ ఒక్క తడికె అడ్డం. నాయన పాఠం వంటింట్లోకి వచ్చేది, అమ్మ పెట్టే తిరగమాత ఘాటు క్లాసులోకి పోయేది. ఎండుమిరపకాయలు కాస్త ఎక్కువ మాడినాయంటే బెంచీలన్నీ తుమ్మేవి. “వన్ మినిట్” అని నాయన పాఠం ఆపి, తడికె కల్లా తిరిగి “ఏమే, పిలకాయల్ని చంపేస్తావా?” అనేవాడు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

పిలకాయలు పాకాల పక్క నుంచి పొద్దున ప్యాసింజరు బండికి వచ్చేవాళ్ళు. క్యారియర్లలో సంగటి ముద్దలు, ఊరుబిండి పచ్చడి తెచ్చుకునేవాళ్ళు. ఫీజు ఇయ్యలేనోళ్ళు చెనిక్కాయలు తెచ్చేవాళ్ళు, మామిడికాయలు తెచ్చేవాళ్ళు. చలికాలంలో అనపకాయలు మూటలు మూటలుగా వచ్చేవి. మా అవ్వ తిన్నె మీద కూర్చుని, నానిన అనపగింజలు పితికి పప్పు తీస్తా, పరీక్ష తప్పినామని ఏడ్చే ఆడపిల్లల్ని ఓదార్చేది. “తప్పితే తప్పినారు పోండే. ఆ ఇంగిలీసేమన్నా మన అబ్బ సొత్తా?” అనేది. ఆ పిల్లలు ఏడుస్తానే నవ్వేవాళ్ళు. ఆ పితికిపప్పు పులుసు వాసనకు మధ్యాన్నం క్లాసులో ఎవురికీ పాఠం ఎక్కేది కాదు.

వాళ్ళల్లో ఒక అన్న ఉండేవాడు. ఎన్నిసార్లు రాసినా ఇంగ్లీషులో తప్పేవాడు. ఎప్పుడూ జేబులో మిక్చరు పొట్లం ఉండేది కాబట్టి మేము మిక్చరన్న అనేవాళ్ళం. బడి లేని రోజుల్లో నేనూ పక్కింటి పిల్లా పోయి వెనక బెంచీలో ఆయన పక్కన కూర్చునేవాళ్ళం, మిక్చరు కోసం.

నాయనకు ఒక పాఠమంటే మహా ఇష్టం. బీదతనానికీ దిగులుకూ ఇంగ్లీషులో ఉండే మాటల పాఠం. పరీక్షలో అవి తప్పకుండా వస్తాయని చెప్పేవాడు. వచ్చినా రాకపోయినా, ఏటా ఆ పాఠం చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయేది.

“డౌన్ ఇన్ ది డంప్స్. అంటే ఏంది? నువ్వు చెప్పబ్బా” అని మిక్చరన్నను లేపినాడు ఒకసారి.

“చెత్తకుప్పలో పడినాడు సార్.”

“చెత్తా లేదు, కుప్పా లేదప్పా. మనసు కుంగిపోయి మూలన కూర్చున్నాడని. రిజల్టు వచ్చిన రోజు నువ్వెట్ట కూర్చున్నావు? అట్ట.”

“నేను కూర్చోలేదు సార్. సినిమాకి పోయినా.”

అందరికంటే ఎక్కువ నవ్వింది నాయనే. కళ్ళల్లో నీళ్ళు తుడుచుకుని మళ్ళీ చెప్పినాడు. ‘హార్డ్ అప్’ అంటే చేతిలో డబ్బులు ఆడనోడు. ‘డౌన్ ఎట్ హీల్’ అంటే మడమ తావ చెప్పు అరిగిపోయినోడు. ఆ మాటకు తన చెప్పే విప్పి పైకెత్తి చూపించినాడు. ‘డౌన్ అండ్ ఔట్’ అనేటప్పుడు నిజంగానే ధబీమని నేల మీద పడిపోయినాడు. బాక్సింగులో దెబ్బ తిని పడినోడు అంకెలు లెక్కపెట్టేలోపల లేవకపోతే ఔటు అని పడుకునే చెప్పినాడు. పిలకాయలు లెక్కపెడతా ఉంటే పేడ మరకలతో లేచి నిలబడినాడు. ‘ఫర్లార్న్’ అంటే అందరూ వదిలేసి పోయినోడు. ‘డెస్టిట్యూట్’ అంటే కూడూ గుడ్డా నీడా ఏదీ లేనోడు.

“ఎట్ ది ఎండ్ ఆఫ్ హిజ్ టెథర్” అని బోర్డు మీద రాసినాడు. “టెథర్ అంటే పలుపు. ఆవును గుంజకు కట్టేసి మేతకు వదుల్తాం గదా. అది మేస్తా మేస్తా పలుపు ఉన్నంత దూరం పోతాది. ఆపైన పచ్చిగడ్డి కనపడతానే ఉంటాది, పోలేదు. అట్ట నిలబడిపోయిన మనిషి గురించి చెప్పే మాట ఇది” అనినాడు. సేద్యగాళ్ళ బిడ్డలు గదా, ఆ మాట మాత్రం ఎవురూ మరిచిపోలేదు.

మేము ఆ మాటల్ని ఆటకు తెచ్చుకున్నాం. వీధిలో ఒక బక్క కుక్క ఉండేది. దానికి డెస్టిట్యూట్ అని పేరు పెట్టినాం. అవ్వకు నోరు తిరక్క “డిస్టీ, డిస్టీ” అని పిలిచి సంగటి వేసేది. అది నిండా బలిసిపోయింది. “పేరు మార్చండి దానికి” అనినాడు నాయన.

కొట్టం ఎందుకు ఖాళీ అయిందో అప్పుడు నాకు తెలీలేదు. పెద్దయినాక అర్థమయింది. తప్పినోళ్ళకు ఎండాకాలంలోనే మళ్ళీ పరీక్ష పెట్టే పద్ధతి వచ్చింది. ఏడాది కాచుకునే పని లేకపోయింది. ఇంకోపక్క తిరుపతిలో అద్దాల మేడల్లో పెద్ద కాలేజీలు లేచినాయి. వాళ్ళ బస్సులు పల్లెల్లోకే వచ్చి పిలకాయల్ని ఎక్కించుకుని పోయేవి. మా కొట్టంలో మొదట వెనక బెంచీలు ఖాళీ అయినాయి, ఆమీట ముందు బెంచీలు. కడగా మిక్చరన్న ఒక్కడే మిగిలినాడు. ఆయన కూడా ఒక పొద్దు వచ్చి, “సార్, మా నాయన లారీ మీదికి పొమ్మంటా ఉండాడు” అని తల వంచుకుని చెప్పినాడు. నాయన ఆయన భుజం తట్టి, “మంచిదే పోప్పా” అనినాడు.

ఎవురూ రాకపోయినా నాయన పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కొట్టంలోకి పోయేవాడు. బోర్డు తుడిచి ఏదో రాసేవాడు. చాక్‌పీసు గీసే శబ్దం మాత్రం వంటింట్లోకి వినపడేది, మాటలుండేవి కావు. ఒకరోజు అమ్మ నన్ను పిలిచి, “నువ్వు పోయి కూర్చో పాపా. ఎవురో ఒకరుండల్ల గదా” అనింది. నేను పలకెత్తుకుని పోయి ముందు బెంచీలో కూర్చున్నాను. నాయన నన్ను చూసి, పెద్ద క్లాసుకు చెప్పినట్టే గొంతెత్తి మొదలుపెట్టినాడు. సగంలో ఆపేసినాడు. చాక్‌పీసు చేతిలో అట్టే ఉంది. “పో పాపా, పోయి ఆడుకో” అనినాడు. నేను లేచి వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, మిక్చరన్న కూర్చునే తావలో కూర్చుని ఖాళీ బోర్డు కల్లా చూస్తా ఉండినాడు.

ఆ తర్వాత నాయన ఇంట్లో ఇంగ్లీషులో మాట్లాడడం మొదలుపెట్టినాడు. అంతకుముందు క్లాసు దాటి ఇంట్లోకి వచ్చినాడంటే ఒక్క ఇంగ్లీషు ముక్క వచ్చేది కాదు. ఇప్పుడు అమ్మ ఏమడిగినా, అవ్వ ఏమడిగినా, గోడ కల్లా చూస్తా నెమ్మదిగా ఇంగ్లీషులో ఒక మాట అనేవాడు. వెనక బెంచీ చదువుతో నాకు రొంత రొంత తెలిసేది. అమ్మ నా కల్లా తిరిగి, “ఏమంటా ఉండాడు మీ నాయన?” అని అడిగేది.

“ఐ యామ్ ఫినిష్డ్” అనినాడు ఒక మధ్యాన్నం, కంచం ముందర.

“బువ్వ చాలంట మా” అన్నాను. అమ్మ కంచం తీసేసింది.

ఇంకో పొద్దు తిన్నె మీద కూర్చుని ఆ పలుపు మాట అనినాడు. నేనేం చెప్పల్ల? “కాఫీ కావాలంట” అన్నాను. అమ్మ కాఫీ కలిపి తెచ్చి చేతికిచ్చింది. నాయన ఆ లోటా కల్లా చూసి, నా కల్లా చూసి, తాగినాడు.

అవ్వ మాత్రం ఊరుకోలేదు. “మొగోడు ఇట్ట మూలన కూర్చుంటే ఎట్టరా? బయట తిరుగు. యాడైనా పని చూసుకో” అనేది. దిష్టి తీసేది, తాయెత్తు కట్టించుకొచ్చేది. నాయన కాదనకుండా చెయ్యి చాపి కట్టించుకునేవాడు.

ఆ పోరు పడలేక చిత్తూరులో ఒక ప్రైవేటు బడికి పని అడిగేదానికి బయల్దేరినాడు. అమ్మ సంగటీ చెనిక్కాయల ఊరుబిండీ క్యారియరులో పెట్టిచ్చింది. బస్సు ఎక్కించేదానికి నేనూ పోయినాను. ఎక్కినాక కిటికీలోంచి నా కల్లా చూస్తాడని కాచుకున్నాను. చూడలేదు.

ఆ పొద్దు తిరిగి రాలేదు. మర్నాడూ రాలేదు. అమ్మా నేనూ చిత్తూరు పోయి ఆ బడిలో అడిగినాం. “వచ్చినాడమ్మా. ఒక క్లాసు చెప్పి చూపించమన్నాం. బోర్డు మీద ఒక వాక్యం రాసినాడు. పిల్లల కల్లా తిరిగి అట్టే నిలబడిపోయినాడు. నోరు పెగల్లేదు. పిల్లలు నవ్వినారు. చాక్‌పీసు బల్ల మీద జాగర్తగా పెట్టి, నమస్కారం చేసి ఎల్లిపోయినాడు” అని ఆడున్న టీచరమ్మ చెప్పింది. ఆమె కళ్ళల్లో కూడా నీళ్ళున్నాయి. క్యారియరు స్టాఫ్‌రూములోనే వదిలేసి పోయినాడని తెచ్చి మా చేతికిచ్చింది. మూత తీస్తే సంగటి బూజు పట్టి ఉంది.

చిత్తూరు బస్టాండు, తిరుపతి రైల్వే స్టేషను, సత్రాలు, ఉచితంగా అన్నం పెట్టే తావలు, అన్నీ తిరిగినాం. పట్టపగలు ముసుగు తన్నుకుని పడుకున్నోళ్ళ తావ అమ్మ వంగి, “అయ్యా, రొంత మొహం చూపించండి” అని బతిమాలేది. కొందరు తిట్టేవాళ్ళు. కొందరు ముసుగు తీసి, మేము వాళ్ళ కోసమే వచ్చినామేమోనని ఆశగా చూసేవాళ్ళు. కాదని తెలిసి మళ్ళీ కప్పుకునేవాళ్ళు. డెస్టిట్యూట్ అనే మాటను ఒక కుక్కకు పెట్టి నవ్వుకున్న దాన్ని, అమ్మ కొంగు పట్టుకుని ఆ ముఖాలన్నీ చూసినాను.

వానలు మొదలైనాక ఒక పొద్దున మిక్చరన్న లారీ తెచ్చి మా వాకిట్లో ఆపినాడు. నెల్లూరు పక్క నుంచి మద్రాసుకు బియ్యం తోలతా ఉండినాడు అప్పటికి.

“అమ్మా, సార్ని చూసినా. తడలో. చెక్‌పోస్టు పక్కన హోటల్లో గ్లాసులు కడగతా ఉండాడు. సార్ అని పిలిస్తే నేనెవురో తెలీనట్టు తల తిప్పుకున్నాడు” అనినాడు. మాట పూర్తి కాకుండానే ఏడ్చేసినాడు.

అమ్మా నేనూ అదే లారీ ఎక్కినాం. శ్రీకాళహస్తి మీదుగా పోయినాం. సరిహద్దు ఊరు గదా, తడలో లారీలు బారులు తీరి ఉన్నాయి. డీజిలు వాసన, పరోటాలు కాల్చే వాసన, సగం తెలుగు, సగం అరవం. హోటలు వెనక్కి పోయినాం. నీళ్ళ తొట్టి పక్కన గొంతుక్కూర్చుని గ్లాసులు కడగతా ఉండినాడు నాయన. గడ్డం పెరిగింది. ఎవురిదో పాత లుంగీ. కాళ్ళకు చెప్పుల్లేవు.

“మీ మనిషా అమ్మా? మంచోడు. తిండి పెడితే సాలంటాడు. పేరడిగితే మాత్రం సెప్పడు” అనినాడు హోటలాయన.

అమ్మ దగ్గరికి పోయి నిలబడింది. నాయన తలెత్తినాడు. కళ్ళల్లో మమ్మల్ని గుర్తుపట్టిన మెరుపు ఒకటి వచ్చి ఆరిపోయింది.

“యూ ఆర్ మిస్టేకెన్, మేడమ్” అనినాడు, మీరు పొరపడినారని. ఆమీట ఇంకా నెమ్మదిగా, “దేర్ ఈజ్ నోబడీ హియర్” అనినాడు. ఈడ ఎవురూ లేరు.

అలవాటు కొద్దీ నేను నోరు తెరిచినాను, అమ్మకు ఏదో ఒకటి చెప్పల్ల గదా అని. అమ్మ చెయ్యి ఎత్తి నన్ను ఆపింది.

“పాపకు పని లేదు. నువ్వు చెప్పేది నాకు తెలుస్తాది” అనింది. అమ్మ నాయన్ని నువ్వు అనడం నేను వినడం అదే మొదలు. “ఇన్నేండ్లు తడికెకి ఇవతల నిలబడి సంగటి గెలికినా గదా. డంప్సు తెలుసు, డౌనాండౌటు తెలుసు. ఆ ఆవు కథా తెలుసు. పాప కాఫీ అంటే కాఫీ ఇచ్చినా. ఇంకేం చెయ్యల్లో తెలీక ఇచ్చినా.”

నాయన చేతిలో గ్లాసు నీళ్ళల్లో మునిగి అట్టే ఆగిపోయింది.

“పలుపు అయిపోతే ఎవురో ఒకరొచ్చి ఇప్పల్ల గదా. వచ్చినా. లెయ్” అనింది అమ్మ.

నాయన నోరు విప్పినాడు. తెలుగులోనే.

“ఇప్పితే యాడికి పోయేది?”

అమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని నాయన పక్కనే కూర్చుని, తొట్టి పక్కనున్న గ్లాసులు ఒకొకటే తీసుకుని కడగడం మొదలుపెట్టింది. నేనూ కూర్చున్నాను. మిక్చరన్న తువ్వాలు నోట్లో కుక్కుకుని కాస్త దూరంలో నిలబడినాడు. గ్లాసులన్నీ అయిపోయినాయి. అయిపోయినాక, పని ముగిసినోడి మాదిరి నాయన లేచి, చేతులు లుంగీకి తుడుచుకుని, ఎవురూ చెప్పకుండానే లారీ కల్లా నడిచినాడు.

ఇంటికి వచ్చినాడు కాబట్టి అంతా బాగైపోయిందని ఊళ్ళో అందరూ అనుకున్నారు. అవ్వ గంగమ్మకు పొంగళ్ళు పెట్టింది. తిరుపతి డాక్టరు మాత్రలిచ్చినాడు. వాటికి నాయన ఎప్పుడూ నిద్రపోతా ఉండేవాడు. మాత్రలు ఆపితే నిద్ర లేకుండా కూర్చునేవాడు. మళ్ళీ ఇంగ్లీషు మాట ఆయన నోట రాలేదు. తెలుగు కూడా ఊఁ, ఊహూఁ వరకే. అమ్మ ఎనుముల్ని తెచ్చి కొట్టంలో కట్టి, పాలు పోసి నన్ను చదివించింది, పెళ్ళి చేసింది. బెంచీలు వేన్నీళ్ళ పొయ్యి కిందికి పోయినాయి. అవ్వ, పోయే ముందు కూడా, “వానికి ఏమైందో ఒకరన్నా చెప్పండే నాకు” అని అడిగింది. ఎవురం చెప్పలేకపోయినాం.

“మీ నాయన ఎట్టుండాడు?” అని ఎవురైనా అడిగితే, “బాగనే ఉండాడు” అనేదాన్ని. ఇంకేమనల్ల? కాలు విరిగితే విరిగిందని చెప్పొచ్చు. జ్వరమొస్తే జ్వరమని చెప్పొచ్చు. సార్ అనిపించుకున్నోడు, ఇంటికి పెద్ద, నాకు దిగులుగా ఉండాది, నా చేత కాలేదు అని మా ఇంట్లో తెలుగులో చెప్పే దావ లేకపోయింది. అందుకే పరాయి మాటల్లో చెప్పుకున్నాడు. అర్థమైన ఇద్దరమూ అర్థం కానట్టు ఉండిపోయినాం. అమ్మకు ధైర్యం వచ్చి బదులు చెప్పేటప్పటికి, ఆయనకు ఆ బదులుతో పని లేకుండా పోయింది.

నా కొడుక్కు మాటలు రావడం ఆలస్యమయింది. వాణ్ణి ఎత్తుకుని ఒక సాయంత్రం పుట్టింట్లో తిన్నె మీద కూర్చోనుంటే, నాయన తనంతట తనే నోరు విప్పినాడు. అదే ఒక వింత.

“వీనికి మాటలొచ్చినాయా?”

“ఇంకా లేదు నాయనా. డాక్టరుకు చూపించల్ల అనుకుంటా ఉన్నా. నాకు భయంగా ఉండాది.”

నాయన వాడి తల మీద చెయ్యి పెట్టి, వెంట్రుకలు నిమిరినాడు.

“తొందరేముంది పాపా,” అనినాడు. “వస్తే మాత్రం, ఎవురితో చెప్పుకుంటాడు?”

ముందు మాదిరి తమాషాకు అనినాడేమోనని ముఖం కల్లా చూసినాను. తమాషా కాదు. ఆ వానాకాలంలోనే నాయన నిద్రలో పోయినాడు. బిడ్డకు ఆ తర్వాత మాటలొచ్చినాయి, ఇప్పుడు బాగా మాట్లాడతాడు. నాతో చెప్పుకో నాయనా అని ఆ సాయంత్రం నేనొక్క మాట అని ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. అప్పుడే వీధి లైట్లు వెలిగినాయి. బిడ్డకు చలిగాలి తగుల్తాదని లేచి లోపలికి పోయినాను.